వెనక పోర్షన్ అద్దెదారు

ముందు ఆ మెసేజ్ పెట్టిందెవరో తేలాలి, మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే అని పెదనాన్న కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నాడు.

హాల్లో భోజనాల బల్ల మీద అత్త ఫోన్ ఉంది. అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. ఎవరూ దాన్ని తాకడం లేదు, తాకితే కరుస్తుందేమో అన్నట్టు.

అత్త మాత్రం గుమ్మం దగ్గరే ఉండిపోయింది. అసలు పట్టపగలు ఆమె ఇంట్లో కనిపించడమే వింత. కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో ఆమె పెద్ద పనిమంతురాలి కింద లెక్క, ఆమె లేకపోతే అక్కడ ఒక్క సెట్టు బయటికి వెళ్ళదు. పొద్దున వెళ్తే పొద్దుగూకాకే రావడం. అలాంటిది ఈ రోజు చేతిలో పని చేతిలోనే వదిలేసి వచ్చింది. ఏప్రన్ కూడా విప్పలేదు. మోచేతుల దాకా తెల్లటి పౌడరు.

మెసేజ్‌ని అప్పటికి అందరూ చదివేశారు. పెదనాన్న అయితే గట్టిగా పైకే చదివాడు. వెనక పోర్షన్ అద్దెదారు గారికి, మీరు ఈ ఇంట్లో దిగిన నాటి నుంచి ఒక్క నెల అద్దె కూడా జమ కాలేదు, బాకీ మొత్తం వారంలోగా కట్టండి, లేదా పోర్షన్ ఖాళీ చేయండి. ఇట్లు, ఇంటి యజమానులు. కింద అన్నదమ్ములిద్దరి పేర్లు, పెదనాన్నదీ నాన్నదీ, పక్కపక్కనే ముచ్చటగా.

నాన్న తన పిల్ల మీద ఒట్టేసి చెప్పాడు, తను పెట్టలేదని. పెదనాన్న ఎవరి మీదా ఒట్టెయ్యలేదు గానీ తనకి ఫోన్‌లో ఇంత పొడుగు మెసేజ్ కొట్టడమే రాదని గుర్తుచేశాడు. అది నిజమే. పెద్దమ్మ అమ్మ వైపు ఓరగా చూసి, మనసులో ఉన్నవి ఫోన్ల దాకా వచ్చాయన్నమాట, మంచిదే, ఎన్నాళ్ళు దాచుకుంటారు అంది. అమ్మ చేతిలో తడి గుడ్డ ఉంటే దాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది.

ఎదురు స్థలంలో టైల్స్ కోసే మెషిన్ ఒకటే రొద. ఆ అగ్గిపెట్టంత జాగాలో ఎవడో మహానుభావుడు ఇల్లు కడుతున్నాడు, మొహం చూపించిన పాపాన పోలేదు, దుమ్ము మాత్రం మన ఇంట్లోకి అంటూ పెదనాన్న లేచి కిటికీ మూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు పిడుగు నోరు విప్పింది.

చిన్నప్పుడు మెట్ల మీంచి దూకి పెట్టించుకున్న పేరది. ఇప్పుడు ఆ పిల్ల ఆఫీసులో డేటాబేసులు కట్టే ఉద్యోగంలో కొత్తగా చేరినా ఇంట్లో పిడుగే.

"నేనే. అంటే నేను పెట్టలేదు. అదే వెళ్ళింది."

అదే అంటే ఏది అని నాన్న అడిగాడు. అడిగిన వెంటనే ఆయన మొహం పాలిపోయింది, ఆయనకి గుర్తొచ్చేసింది.

సంగతేమిటంటే, మేడ మీద పోర్షన్ ఆయన కట్టేసిన అద్దెని పెదనాన్న మర్చిపోయి పదిమందిలో మళ్ళీ అడిగాడు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, కట్టినట్టు చూపించాడు. పెదనాన్నకి తల కొట్టేసినట్టయింది. అన్ని పోర్షన్ల అద్దెలూ ఇన్నేళ్ళూ ఆయన తలలోనే ఉండేవి మరి. ఆ పూటే పిడుగు చొక్కా చేతులు పైకి మడిచింది. ఇంత చిన్న పని, డేటాబేసు నేను కట్టిస్తా చూడండి, లెక్కలూ మెసేజ్‌లూ అన్నీ అదే చూసుకుంటుంది అని లాప్‌టాప్ ముందేసుకుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా టేబుళ్ళు గీసేసింది. నిన్నటి నుంచే అది పని చేస్తోంది. నిన్న మేడ మీద ఆయన కూడా రసీదు టక్కున వచ్చిందని మెచ్చుకున్నాడు. పెదనాన్న అయితే ఆనందం పట్టలేక పిడుగు నెత్తి మీద మొట్టికాయ కూడా వేశాడు.

పిడుగు ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. పోర్షన్లకి ఒక టేబుల్. మనుషులకి ఇంకోటి. ఎవరు ఏ పోర్షన్‌లో ఏ రోజు నుంచి ఉంటున్నారో, ఎంత అద్దెకో, ఆ ఒప్పందాలకి మూడోది. వచ్చిన డబ్బుకి నాలుగోది. డబ్బు మనిషికి అంటుకోకూడదు, ఒప్పందానికి అంటుకోవాలి, లేకపోతే కింద పోర్షన్ వాళ్ళు మేడ మీదకి మారితే పాత బాకీ ఏ ఇంటిదో తెలియదు. ఇది ఆలోచించినప్పుడు తన భుజం తనే తట్టుకుంది కూడా.

ఇదంతా బాగానే ఉంది, మీ అత్త పేరు అందులోకి ఎందుకొచ్చిందని పెదనాన్న అడిగాడు.

"ఏదైనా పోర్షన్‌లో మనిషి ఉంటే ఆ మనిషి ఓనరన్నా అవ్వాలి, అద్దెదారన్నా అవ్వాలి పెదనాన్నా. మూడో రకం నేను పెట్టలేదు."

ఆ మాట అన్నాక గానీ అది ఎలా వినిపించిందో పిడుగుకి అర్థం కాలేదు.

అత్తని ఎందులో వెయ్యాలో తను నాన్నని అడిగింది. నాన్న గడ్డం గీసుకుంటూ, ఏదో ఒకటి రాయవే, తర్వాత చూద్దాం అన్నాడు. ఓనర్లలో వెయ్యడానికి కాగితాల్లో పేరు లేదు. సరే, తాత్కాలికంగా అద్దెదారు అని రాసింది. అద్దె గడి ఖాళీగా వదిలింది. కానీ ఆ గడి ఖాళీగా ఉంటే పక్క పోర్షన్ అద్దె తెచ్చి నింపుకోమని రూల్ పెట్టింది కూడా తనే. దిగిన తేదీ దగ్గర, నానమ్మ మంచాన పడ్డప్పుడు అత్త వచ్చిన రోజు వేసింది. ఇంకేముంది. అది ఆ రోజు నుంచీ ఒక్కో నెలా లెక్కగట్టుకుంటూ వచ్చి, ఇంత బాకీ ఉన్నవాళ్ళకి ఏం పంపాలో అదే పంపింది.

ఎదురు మెషిన్ ఎందుకో ఆగింది.

అత్త అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "అయితే నా మీద కోపంతో ఎవరూ పంపలేదు. లెక్క ప్రకారమే వచ్చింది."

అది తిట్టో మెచ్చుకోలో ఎవరికీ అంతు పట్టలేదు.

* * *

ముందు ఆ దరిద్రాన్ని అందులోంచి పీకెయ్యమని పెదనాన్న హుకుం జారీ చేశాడు. పిడుగుకీ అదే కావాలి. కన్నీళ్ళు తుడుచుకుంటూ లాప్‌టాప్ తెచ్చి, వెనక పోర్షన్ ఒప్పందం ఉన్న వరస మొత్తం తీసేసింది. ఒక్క నొక్కుడు. పోయింది. నాన్న హమ్మయ్య అన్నాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చి అత్తకి ఇచ్చింది. పెద్దమ్మ కూడా కాస్త మెత్తబడి, పిల్లది తెలియక చేసింది, దాన్ని పట్టుకుని నువ్వు పని మానుకుని రావాలా వదినా అంది.

అత్త గ్లాసు సగం తాగిందో లేదో పెదనాన్న ఫోన్ మోగింది.

బ్రోకరు. వెనక పోర్షన్ ఖాళీ అయిందట కదా సార్, ఇప్పుడే మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, పార్టీ నా పక్కనే ఉన్నారు, మీ వీధిలోనే ఉన్నాం, గేటు దగ్గరికి వచ్చేశాం అంటున్నాడు.

పెదనాన్న ఫోన్ చెవికి పెట్టుకుని పిడుగు వైపు చూసిన చూపు, ఆ పిల్ల ఇంకో పదేళ్ళకైనా మర్చిపోదు.

మనిషి లేని పోర్షన్ ఖాళీ. ఖాళీ అయిన పోర్షన్ వివరాలు వెంటనే బ్రోకరుకి వెళ్ళిపోవాలి, ఒక్క రోజు కూడా దండగ కాకూడదు. ఈ తెలివి కూడా తనదే.

గేటు చప్పుడైంది. బ్రోకరు వెనకాలే ఒక జంట, కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఉన్నారు, ఆ అమ్మాయి అప్పుడే గోడల రంగు చూసుకుంటోంది. అమ్మ పరుగున వెళ్ళి ఏదో సర్దిచెప్పబోయింది. ఈలోపే ఆ అమ్మాయి గుమ్మంలో ఉన్న అత్తనే అడిగేసింది, వెనక పోర్షన్‌కి ఎండ తగులుతుందా అని.

"ఎండ రాదమ్మా. గాలి బాగుంటుంది. వంటింటి కుళాయి కారుతుంది, చెప్పగా చెప్పగా ఎప్పుడో చేయిస్తారు. పక్కవాళ్ళు మంచివాళ్ళే."

నాన్న గోడ పట్టుకున్నాడు. అత్త ఎంత మామూలుగా చెప్పిందంటే, బ్రోకరు అదంతా మెదడులో రాసుకుంటూ తలాడించాడు కూడా. పోర్షన్ ఖాళీ కాదని, పొరపాటు జరిగిందని వాళ్ళకి నచ్చజెప్పి పంపేసరికి అమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక అత్త బల్ల దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని, పెదనాన్నకి ఎదురుగా కూర్చుంది.

"తీసేస్తే నేను లేనట్టేనట కదే. మళ్ళీ వెయ్యి."

* * *

వెయ్యడం పెద్ద పని కాదు. ఎందులో వెయ్యాలి అన్నదే.

ఓనర్లలో వెయ్యమని నాన్న వెంటనే అనేశాడు. అని, అన్నయ్య మొహం వైపు చూశాడు. ఆయనకి అది అలవాటు, మాట ముందు, అనుమతి తర్వాత. పిడుగు ఓనర్ల టేబుల్ తెరిచి అత్త పేరు కొట్టింది. స్క్రీన్ మీద ఎర్రగా ఒక గడి వెలిగింది. వాటా ఎంత?

ఇప్పటిదాకా పెదనాన్న సగం, నాన్న సగం. మొత్తం వంద దాటకూడదు, తగ్గకూడదు. ఇంకొకరు రావాలంటే ఎవరిదో ఒకరిది తగ్గాలి.

"ఎంత వెయ్యను?" అని పిడుగు అడిగింది. తను అడిగింది అంకె గురించే.

తాతయ్య కట్టిన ఇల్లు. కాగితాలు మార్చినప్పుడు సంతకం పెట్టమన్నచోట అత్త పెట్టింది, ఎందుకని అడగలేదు. నానమ్మకి బాగోలేదంటే ల్యాబ్ పక్కన తను ఉంటున్న గది ఖాళీ చేసి వచ్చింది. నానమ్మ పోయింది. ఆ తర్వాత అత్తని ఉండమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆ రెండూ ఎవరూ అనకుండానే ఇన్నేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు ఒక ఎర్ర గడి అడుగుతోంది.

పెద్దమ్మ గాజులు సర్దుకుంది. అమ్మ గుడ్డ మడత విప్పింది. నాన్న కిటికీ వైపు తిరిగాడు, అది మూసి ఉందని కూడా చూసుకోలేదు.

పెదనాన్నే అన్నాడు. "సున్నా వెయ్యి. పేరుంటే చాలుగా."

పిడుగు సున్నా వేసింది. అది ఒప్పుకోలేదు. వాటా లేనివాళ్ళు ఓనర్లు కారని రూల్. అది కూడా తన రూలే. ఆ పిల్లకి లాప్‌టాప్ నేలకేసి కొట్టాలనిపించింది.

అత్త చిన్నగా నవ్వింది. దానికున్న బుద్ధి బాగుంది అంది. తర్వాత నెమ్మదిగా, అందరికీ వినపడేలా చెప్పింది, తనని అద్దెదారుగానే వెయ్యమని, పక్క పోర్షన్‌కి ఎంతో తనకీ అంతే అని, దిగిన తేదీ ఇవాళ్టిదే వెయ్యమని.

పెదనాన్న బల్ల మీద గుద్దాడు. తోడబుట్టినదాని దగ్గర అద్దె తీసుకుని బతికే గతి తనకి పట్టలేదన్నాడు, నలుగురూ వింటే మొహాన ఉమ్మేస్తారన్నాడు, ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అన్నామా అన్నాడు.

"అనలేదన్నయ్యా. అదే. ఒక్క మాటైనా అనలేదు మీరు."

అంతే. పెదనాన్న చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది.

పిడుగు కొత్త వరస వేసింది. అత్త తన ఫోన్ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఏదో నొక్కింది. మరుక్షణం పెదనాన్న జేబులోనూ నాన్న జేబులోనూ ఒకేసారి టింగుమంది. వెనక పోర్షన్ మొదటి నెల అద్దె జమ అయింది. ధన్యవాదాలు.

ఇద్దరు మగాళ్ళూ షాక్ కొట్టినట్టు జేబులు పట్టుకున్నారు.

* * *

పిడుగు అత్త వెనకే వెనక పోర్షన్‌లోకి వెళ్ళింది. చిన్నప్పుడు ఈ గదంటే ఎంత సరదానో. కిటికీ గట్టు మీద మైనంలో గుచ్చిన పళ్ళు వరసగా నవ్వుతూ ఉండేవి, అందుకే పళ్ళత్త అని పిలిచేది. ఇప్పుడూ ఒక సెట్టు ఉంది అక్కడ, ఎవరికో గానీ. పెద్దమ్మ నోట్లో పై పళ్ళన్నీ కూడా అత్త చేతి పనే. ఆ సంగతి పెద్దమ్మకీ, అత్తకీ, ఒకరోజు తలుపు కొట్టకుండా లోపలికొచ్చిన పిడుగుకీ తప్ప ఎవరికీ తెలియదు. పెదనాన్నకి కూడా.

క్షమించమని అడగబోతే అత్త అడగనివ్వలేదు. లాప్‌టాప్ తెరవమంది, తన వరస ఎలా ఉందో చూపించమంది. పిడుగు ఒక్కో గడీ చూపించింది. పోర్షన్, పేరు, అద్దె, దిగిన తేదీ.

"చివర ఖాళీగా ఉందేమిటే?"

ముగింపు తేదీ అని పిడుగు చెప్పింది. ఖాళీ చేసిన రోజు అది నిండుతుంది, అప్పటిదాకా అలాగే ఉంటుంది.

ఓనర్లకి ఉండదా అని అత్త అడిగింది. ఉండదు, అద్దెదారులకే. వెళ్ళాలనుకున్నవాళ్ళు వాళ్ళ ఫోన్‌లోంచే ఫారం నింపొచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. చెబుతుంటే పిడుగుకి మళ్ళీ ఊపొచ్చేసింది, కారణం కూడా ఎంచుకోవచ్చత్తా, అన్నీ పెట్టాను అంది.

"ఇన్నాళ్ళూ నాకు ఆ గడే లేదన్నమాట," అంది అత్త. మైనంలో ఒక పన్ను కాస్త వంకరగా ఉంటే వేలితో సరిచేసింది.

* * *

సాయంత్రం హాల్లో దీపాలు వేశారు గానీ ఎవరూ వంట సంగతి ఎత్తలేదు. నాన్న ఇంటికీ గేటుకీ మధ్య తిరిగి తిరిగి వచ్చి, పిడుగు పక్కన నిలబడ్డాడు. ఈసారి అన్నయ్య మొహం చూడలేదు.

"నా సగంలో సగం తీసి అక్కకి రాయి."

పెదనాన్న తలెత్తాడు. పెద్దమ్మ చూపు సూటిగా అమ్మ మీదకి వెళ్ళింది, ఇప్పుడేమంటావ్ అన్నట్టు. అమ్మ చేతిలో గుడ్డ ఆగింది. ఈ వాటాల సంగతిలో పొద్దుటి నుంచి ఆమె నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

"రాయవే," అంది అమ్మ.

పిడుగు లాప్‌టాప్ ముందుకి లాక్కుంది. ఓనర్ల టేబుల్ తెరిచింది. నాన్న వాటా దగ్గర అంకె చెరిపింది. కొత్త అంకె కొట్టబోతుంటే ఫోన్లు మోగాయి. పెదనాన్నది, నాన్నది, లాప్‌టాప్ పక్కన తనది, మూడూ ఒకేసారి.

వెనక పోర్షన్ అద్దెదారు ఖాళీ చేస్తున్నట్టు తెలియజేశారు. కారణం: సొంత ఇల్లు.

పిడుగు రెండుసార్లు చదివింది. ఆ కారణం తనే పెట్టింది, పెద్ద ఇల్లు, ఉద్యోగం మార్పు, సొంత ఇల్లు, ఇతరములు. అత్త పొరపాటున నొక్కిందేమో అనుకుంది. కింద ఇంకో వరస ఉంది. కొత్త చిరునామా. ఫారంలో అది నింపకపోతే ముందుకి పోదు.

ఇదే వీధి, ఎదురు స్థలం.

నాన్న కూర్చుండిపోయాడు. పెదనాన్న లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు. పొద్దుటి నుంచి తిట్టిన దుమ్ము, కిందటి నెల ఇసుక కోసం తాపీమేస్త్రీతో పడిన గొడవ, ఆ జాగా మనం కొనాల్సింది ఎవడో ఎగరేసుకుపోయాడని ఎన్నిసార్లు అన్నాడో, అన్నీ ఆయన వీపు మీద కనిపిస్తున్నాయి. ఎదుట అగ్గిపెట్టంత ఇంట్లో ముందు గది లైటు వెలుగుతోంది. కొత్త గచ్చు మీద ఏప్రన్ కట్టుకున్న మనిషి ఒకతె వంగి, టైలు అంచు వేలితో తడిమి చూస్తోంది.

"ఇదెప్పట్నుంచి..." అని పెదనాన్న అన్నాడు, పూర్తి చెయ్యలేదు. అద్దె లేకుండా ఉన్నన్నాళ్ళ నుంచీ అని అందరికీ తెలుస్తూనే ఉంది.

ఫోన్లలో ఇంకా రెండు బటన్లు వెలుగుతున్నాయి. అంగీకరించు. తిరస్కరించు. ఎవరూ నొక్కలేదు.

పిడుగుకి చెప్పక తప్పదు.

"తెల్లారేలోగా ఓనర్లు ఏదీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే తీసుకుంటుంది. ఏ ఒక్కరు తిరస్కరించు అని నొక్కినా ఆగుతుంది. రూల్ నేనే పెట్టాను."

అత్తకి ఈ ఫారం చూపించింది తనే. కింద సన్నటి అక్షరాల్లో ఆ రూలూ ఉంది. అత్త కళ్ళజోడు పెట్టుకుని ప్రతీదీ చదువుతుంది. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనరని ఆమె కన్నా బాగా ఎవరికి తెలుసు.

నాన్న బొటనవేలు స్క్రీన్‌కి కాస్త పైన ఆగింది. పాత అలవాటు, కళ్ళు అన్నయ్య వైపు తిరిగాయి.

పెదనాన్న కిటికీ దగ్గర్నుంచి వచ్చాడు. తన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. అన్నం వడ్డించండి, ఏదైనా తర్వాత చూద్దాం అన్నాడు.

అమ్మ కదల్లేదు. పెద్దమ్మ వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది. చెంగుతో నోరు తుడుచుకుంది. పై పళ్ళ మీద నాలుక ఒకసారి అటూ ఇటూ తిప్పుకోవడం పిడుగు ఒక్కతే చూసింది.

వెనక్కి తిరిగి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది పెద్దమ్మ.

"అన్నం ఎక్కడికీ పోదు. ముందు ఆ ఫోన్ తియ్యండి."